చేపలు చచ్చిన తొట్టి: కడిగితే పోయేదేది, పోనిదేది

మా వీధిలో ఒకాయన ట్రాన్స్‌ఫరై వెళ్తూ తన మూడడుగుల అక్వేరియాన్ని స్టాండు, టాప్ ఫిల్టర్, వలతో సహా మా పక్కింటాయనకు చవగ్గా ఇచ్చేశాడు. ఇస్తూ ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాడు: "దీంట్లో చేపలన్నీ రోగమొచ్చి పోయినాయి సార్, బాగా కడుక్కోండి."

చిక్కంతా ఆ 'బాగా' దగ్గరే. బాగా అంటే ఎంత? దేనితో? పక్కింటాయన నలుగురిని అడిగాడు. చేపలమ్మే కుర్రాడు "బాత్రూం యాసిడ్ పోసి రుద్దన్నా, సరిపోతాది" అన్నాడు. బావమరిది బ్లీచింగ్ పౌడర్ అన్నాడు. వాళ్లమ్మగారు కల్లుప్పు అన్నారు. ఇంకొకాయన "మే నెలలో కడప ఎండకు మించిన మందేముంది, మిద్దె మీద పడేయ్" అన్నాడు. చివరికి విసిగిపోయి నా దగ్గరికొచ్చి, "ఇదంతా ఎందుకు, పాత సామాన్ల బండికి వేసేద్దామా?" అన్నాడు.

ఈ ఐదింటిలోనూ ఎంతో కొంత నిజముంది. ఏ రోగం, ఏ వస్తువు అన్నది తేలకుండా చెబితే మాత్రం ఐదూ తప్పే.

## కడగడం వేరు, క్రిములను చంపడం వేరు

పాచి, పాత మేత, రెట్ట తీసేయడం కడగడం. ఆ తర్వాత మిగిలిన సూక్ష్మజీవుల్లో రోగం తెచ్చేవాటిని చాలావరకు చంపడం క్రిమిసంహారం. డిస్‌ఇన్ఫెక్ట్ చేయడం అంటున్నది దీన్నే. ఒక్క జీవి కూడా మిగలకుండా చేయడం స్టెరిలైజేషన్. అది ఆపరేషన్ థియేటర్ వ్యవహారం. ఇంట్లో తొట్టికి కుదరదు, అక్కర కూడా లేదు.

వీటిలో కడగడం ముందు ఎందుకు రావాలో ఆ తొట్టిలోనే కనబడింది. నీళ్లన్నీ పారబోశాక, మూలన గాజుపలకలు అతికించిన సిలికాన్ మీద గోరు పెట్టి గీకితే గోధుమరంగు జిగురు చుట్టలా లేచి వచ్చింది. చూడ్డానికి మురికే. నిజానికి అది బ్యాక్టీరియా తమ చుట్టూ తాము కట్టుకున్న గోడ. దీన్ని బయోఫిల్మ్ అంటారు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ రోగక్రిమినీ పాత మేతనూ వేరుచేసి చూడదు, ఏది ముందు తగిలితే దాని మీదే ఖర్చైపోతుంది. జిగురు అలాగే ఉంచి బ్లీచింగ్ పోస్తే, లోపల దాక్కున్న వాటి దాకా చేరేసరికి దానిలో పస ఉండదు. రుద్దడం బోరింగ్ పనే. అయినా సగం క్రిమిసంహారం ఆ రుద్దడంలోనే జరిగిపోతుంది.

సబ్బు, డెటాల్, ఫినాయిల్ సంగతి ఒక్క మాటలో: వాటి అవశేషాలు సిలికాన్ సందుల్లో, ప్లాస్టిక్‌లో మిగిలి చేపలకు హాని చేస్తాయి. అందుకే అక్వేరియం పెంచేవాళ్లు వాటి జోలికి పోరు.

## చచ్చిన చేపలకు అసలేమొచ్చింది?

పాత యజమానిని అడగాల్సిన ప్రశ్న ఇది. రోగం పేరు ఆయనకు తెలియకపోయినా ఫర్వాలేదు. చేపలు ఎలా చచ్చాయో, ఎన్నాళ్లలో చచ్చాయో చెబితే సగం తేలిపోతుంది.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు వచ్చి, చేపలు రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ చచ్చాయంటే అది వైట్ స్పాట్. దాన్నే ఇక్ అంటారు. అక్వేరియం పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు కనబడేది ఇదే. దీని వెనకున్నది ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి. చేప చర్మం కింద తిని బలుస్తుంది, తర్వాత రాలిపోతుంది. రాలి, అడుగున రాళ్లకో గాజుకో అంటుకుని, గుల్ల కట్టుకుని, లోపల వందల ముక్కలుగా విడిపోతుంది. ఆ పిల్లలు బయటికొచ్చి చేపను వెతుక్కుంటాయి. రెండు రోజులు అటూ ఇటుగా చేప దొరకకపోతే అవే చస్తాయి. పాతిక డిగ్రీల నీళ్లలో ఈ చక్రం మొత్తం వారం లోపే తిరిగిపోతుంది, చల్లటి నీళ్లలో వారాల కొద్దీ సాగుతుంది. దీనికి నెలల తరబడి నిద్రపోయే దశ లేదు, ఎండిపోతే బతకదు. వైట్ స్పాట్ విషయంలో ఇంతకంటే పనికొచ్చే సంగతి లేదు.

నోటి చుట్టూ, వీపు మీద దూదిలాంటి తెలుపు వచ్చి ఒకటి రెండు రోజుల్లోనే తుడిచిపెట్టుకుపోయాయంటే కాలమ్నారిస్ అని అనుమానించాలి. చూసినవాళ్లు ఫంగస్ అనుకుంటారు గానీ ఇది బ్యాక్టీరియా. నీళ్లు వేడెక్కే కొద్దీ రెచ్చిపోతుంది. మన వేసవిలో, ఏసీ లేని హాల్లో తొట్టి నీళ్లు ముప్పై దాటుతాయి కాబట్టి దానికి పండగే. పైగా బోరు నీళ్లలాంటి, సున్నం పాలు ఎక్కువున్న గట్టి నీళ్లలో, చేప లేకపోయినా చాలా రోజులు బతికి ఉండగలదు.

మూడోది తక్కువగా వస్తుంది గానీ దాని గురించే ఎక్కువ చెప్పాలి. నెలకొకటి, రెండు నెలలకొకటి చొప్పున చేపలు చిక్కిపోయి, వెన్ను వంగి, కొన్నిటికి కళ్లు ఉబ్బి, మందులేవీ పనిచేయక చచ్చాయంటే అది చేపల టీబీ కావచ్చు. మైకోబ్యాక్టీరియం మెరీనమ్ అనేది, దాని దాయాదులూ దీనికి కారణం. ఈ బ్యాక్టీరియాకు ఒంటి చుట్టూ మైనంలాంటి పొర ఉంటుంది. అందుకే మామూలు మోతాదు క్లోరిన్‌ను తట్టుకుంటుంది, పొటాషియం పర్మాంగనేట్‌ను దాదాపు లెక్కచేయదు. డెబ్బై శాతం ఆల్కహాల్ ముందు మాత్రం నిమిషంలోపే చేతులెత్తేస్తుంది. ఇంకో తిరకాసు, ఇది మనుషులకూ అంటుతుంది. చేతి మీద గాయముండి ఆ నీళ్లలో చేయి పెడితే రెండు నుంచి నాలుగు వారాల తర్వాత అక్కడ గడ్డ లేస్తుంది. ఊపిరితిత్తులకు పాకడం అరుదు. కానీ తగ్గడానికి నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడాలి, అదీ డాక్టరుకు 'అక్వేరియం ఉంది' అని చెబితేనే త్వరగా పట్టుబడుతుంది. నీళ్లు తోడడానికి పైపును నోటితో పీల్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. అనుమానమున్న తొట్టి దగ్గర ఆ అలవాటు మానుకుని చేతికి గ్లౌజు తొడుక్కోవాలనేది ఇందుకే.

వైరస్‌లలో పైన కొవ్వు పొర ఉన్నవి ఎండకీ క్లోరిన్‌కీ తొందరగా లొంగుతాయి, లేనివి మొండికేస్తాయి. చుక్కా లేక, దూదీ లేక అన్నీ ఒక్కసారే చచ్చిపోతే అది అసలు రోగమే కాకపోవచ్చు. ఆ సంగతి కిందకొస్తుంది.

## ఒక ఉదాహరణ: రెండు నెలలు ఎండిన తొట్టి

పక్కింటాయన తెచ్చిన తొట్టి అంతకుముందే రెండు నెలలు ఖాళీగా, పొడిగా ఉంది. అందులో ఏం మిగిలి ఉంటుంది?

వైట్ స్పాట్ ఉండదు. అది వచ్చి చచ్చిన తొట్టి అయితే, ఆ రెండు నెలలే మందు. బ్లీచింగ్ పోసినా పోయకపోయినా ఫలితంలో తేడా ఉండదు. కాలమ్నారిస్ కూడా ఎండిన గాజు మీద నిలిచే రకం కాదు. కానీ గ్రావెల్ రాళ్లను తడి మీదే గోనెసంచిలో మూటకట్టి పెట్టి ఉంటే, పైన ఎండినట్టున్నా మధ్యలో తడి అలాగే ఉంటుంది, దానితోపాటు అదీ ఉండొచ్చు. టీబీ సంగతి వేరు. ఎండిన జిగురు పొరలో అది చాలాకాలం ఓర్చుకోగలదు, రెండు నెలలు గడిచాయని ధీమాగా ఉండటానికి లేదు.

అదే తొట్టిలో నీళ్లుంచి, ఫిల్టర్ నడుపుతూ, చేపలు మాత్రం లేకుండా రెండు వారాలు వదిలేసి ఉంటే? వైట్ స్పాట్ అప్పుడూ పోయేది. మిగతా రెండూ మాత్రం హాయిగా ఉండేవి.

మిద్దె మీద ఎండబెట్టమన్న పెద్దాయన మాట ఇక్కడ కొంత సరిచేయాలి. ఎండలో క్రిములను చంపే అతినీలలోహిత కిరణాల్లో బలమైన భాగాన్ని మామూలు గాజు ఆపేస్తుంది. తొట్టిని నిలబెట్టి ఎండలో పెడితే లోపలి పక్కలకు తగిలేది చాలావరకు వేడే. పైనుంచి నేరుగా పడే కాసేపే ఆ కిరణాలు పనిచేసేది. కాబట్టి ఎండ చేసే మేలులో ఎక్కువ వాటా ఆరబెట్టడానిదే. మధ్యాహ్నం మండిపోయిన గాజు మీద చల్లటి నీళ్లు గుమ్మరిస్తే అది టప్పున చిట్లుతుందన్నది ఇంకో విషయం.

## బ్లీచింగ్ లెక్క చేసి చూస్తే

'కొంచెం బ్లీచింగ్' అనే మాటతోనే చాలామంది దెబ్బతింటారు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి అంటే మూడు ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, మొత్తం 85. అంచు దాకా నింపం కాబట్టి 80 లీటర్లు అనుకుందాం.

శుభ్రంగా రుద్దిన గాజుకు, వలలకు సాధారణంగా చెప్పే మోతాదు లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్, గంటసేపు. ఎనభై లీటర్లకు 16 గ్రాముల క్లోరిన్ కావాలి. ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్ సీసా మీద 4 శాతం అని ఉంటే, 100 మిల్లీలీటర్లలో 4 గ్రాములు. అంటే 400 మిల్లీలీటర్లు పోయాలి. సువాసన, సబ్బు కలిపిన రకాలు దీనికి పనికిరావు. మున్సిపాలిటీ వాళ్లు కాలువల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్ అయితే కొత్తదానిలో 30 శాతం పైచిలుకు క్లోరిన్ ఉంటుంది. అప్పుడు 53 గ్రాములు చాలు. కానీ పోయిన వేసవిలో విప్పి, బాత్రూం గూట్లో పెట్టిన పొట్లంలో ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? వేడికి, తేమకు అది రోజురోజుకూ పస కోల్పోతుంది. వాసన ఘాటుగా ఉందిగా అంటారు. వాసన రావడానికి రవ్వంత క్లోరిన్ చాలు, దాన్నిబట్టి బలం తెలియదు.

పౌడర్‌తో ఇంకో ఇబ్బంది, దానిలో సున్నం ఉంటుంది. నేరుగా తొట్టిలో వేస్తే అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. అందుకే బకెట్లో కలిపి, తేరిన నీళ్లే వాడతారు. పైగా ఆ సున్నం నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతను, పెంచుతుంది. పీహెచ్ 7 దగ్గర క్లోరిన్‌లో ముప్పావు వంతు గట్టిగా చంపే రూపంలో ఉంటే, 8 దగ్గర పావు వంతే ఉంటుంది. మన బోరు నీళ్లు ముందే అటువైపు మొగ్గి ఉంటాయి. ఐదు నిమిషాలు చాలదు, గంట ఉంచాలి అనడం వెనక ఇదీ ఒక కారణం.

తర్వాత ఆ క్లోరిన్‌ను పోగొట్టాలి. షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే పలుకులు సోడియం థయోసల్ఫేట్. ఒక పాలు క్లోరిన్‌కు సుమారు ఏడు పాళ్లు అవి కావాలి. తొట్టి నిండా ఉన్న 16 గ్రాములకైతే 112 గ్రాములు! అదే, ముందు నీళ్లన్నీ పారబోస్తే, అడుగున లీటరు మిగిలిందనుకున్నా అందులో క్లోరిన్ 0.2 గ్రాములే, దానికి గ్రామున్నర పలుకులు చాలు. పారబోసి, రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిస్తే అవీ పెద్దగా అక్కర్లేదు. గాజు మీది క్లోరిన్ ఎండకు, గాలికి దానంతటదే పోతుంది.

## తెల్లటి గార, యాసిడ్, నేను చేసిన తెలివితక్కువ పని

యాసిడ్ సలహా ఊరికే పుట్టలేదు. మన నీళ్లకు తొట్టి అంచున తెల్లటి గార కడుతుంది. అది కాల్షియం కార్బొనేట్, కత్తితో గీకినా ఒక పట్టాన రాదు. వెనిగర్ గానీ నిమ్మరసం గానీ రాస్తే బుసబుస పొంగి కరిగిపోతుంది. బాత్రూం యాసిడ్ అయితే క్షణాల్లో. కానీ గార పోవడం ఒకటి, రోగక్రిములు చావడం ఇంకొకటి. వెనిగర్‌ను క్రిమిసంహారిణిగా నమ్మడానికి లేదు.

కొన్నేళ్ల కింద నేను ఈ రెండు పనులూ ఒకే మధ్యాహ్నం చేశాను. యాసిడ్ పోసి గార వదిలించి, సరిగ్గా కడక్కుండానే దాని మీద బ్లీచింగ్ నీళ్లు పోశాను. పసుపుపచ్చటి ఆవిరి లేచిందో లేదో గమనించే లోపే గొంతు పట్టేసింది, కళ్లు మండిపోయాయి. అది క్లోరిన్ వాయువు. పని మిద్దె మీద పెట్టుకున్నాను కాబట్టి దగ్గుతో పోయింది. తలుపేసిన బాత్రూంలో అయితే కథ వేరేగా ఉండేది. యాసిడ్, బ్లీచింగ్ ఒకదాని వెనక ఒకటి రావాల్సి వస్తే మధ్యలో నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా ఎక్కువ కాదు.

## గాజుకు పనికొచ్చేది స్పాంజ్‌కు పనికిరాదు

గాజుకు రంధ్రాలుండవు, క్లోరిన్ అంతటా తగులుతుంది. స్పాంజ్, ఫిల్టర్‌లో వేసే సిరామిక్ రింగులు, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్, అలంకరణకు పెట్టే డ్రిఫ్ట్‌వుడ్ చెక్క అలా కాదు. వాటి లోపలి గుంతల్లోకి మందు సరిగ్గా పోదు, పోయినది మళ్లీ తొందరగా బయటికి రాదు. చెక్క తనలోకి ఇంకిన క్లోరిన్‌ను రోజుల తరబడి వదులుతుంది. ఎయిర్ స్టోన్ ధరెంత, దానికోసం ఇంత తంటా ఎందుకు అనిపిస్తుంది నాకు. వల, నీళ్లు తోడే సైఫన్ పైపు, థర్మామీటర్ మాత్రం అందరూ మరిచిపోయేవి. రోగం ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి ఎక్కువగా ప్రయాణించేది వాటి మీదే.

మన దగ్గర ఇంకొకటుంది. బయటివాళ్లు కడప బండ అనే నాపరాయి ముక్కలను అందం కోసం తొట్టిలో పేర్చడం. అది సున్నపురాయి. యాసిడ్ తగిలితే కరుగుతుంది, వెనిగర్‌కు కూడా సన్నగా నురగ కడుతుంది. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి పొరల మధ్య నీళ్లు నిలుస్తాయి. స్టవ్ మీద ఉడికించబోతే ఆ తడి ఆవిరై రాయి పగిలే ప్రమాదముంది. ఎక్కువ రోజులు నీళ్లలో ఉంటే ఆ నీళ్ల గట్టితనాన్ని ఇంకాస్త పెంచుతుంది కూడా. తొట్టి కింద బండగా బ్రహ్మాండం, తొట్టి లోపల మాత్రం అంత కాదు.

## అంతా కడిగాక మళ్లీ ఎందుకు చస్తాయి?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. బ్లీచింగ్ పోసి, ఎండబెట్టి, కొత్త ఫిల్టర్ పెట్టి, కొత్త నీళ్లు నింపి, కొత్త చేపలు వేస్తారు. వారం తిరక్కుండానే చేపలు పైకొచ్చి గాలి మింగుతాయి, ఒక్కొక్కటీ తిరగబడతాయి. "చూశావా, రోగం ఇంకా పోలేదు" అని మళ్లీ ఇంకా ఘాటుగా బ్లీచింగ్ పోస్తారు. మళ్లీ అదే కథ.

చాలాసార్లు అక్కడ రోగమే ఉండదు. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. పాతబడిన తొట్టిలో ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం, మూడోది పెద్దగా కాదు. ఈ మేలు చేసే బ్యాక్టీరియా నీళ్లలో కాదు, స్పాంజ్ మీద, రాళ్ల మీద, మనం గోరుతో గీకిన ఆ జిగురులోనే ఉంటాయి. క్లోరిన్ వాటినీ చంపేసింది. మళ్లీ అవి పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మన ఊళ్లో దీనికి ఇంకో మెలిక ఉంది. అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే బాగా విషం. ముప్పై డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే ఆ విషరూపం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. అదే పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. అంటే ఊటీలో మెత్తటి చల్లని నీళ్ల తొట్టికి సరిపోయిన ఓర్పు, మే నెలలో కడప బోరు నీళ్ల తొట్టికి చాలదు. ఉన్న అమ్మోనియా ఒకటే, కాటు మాత్రం చాలా రెట్లు.

## పారేద్దామనేవాళ్లు, వదిలేద్దామనేవాళ్లు

పారేయమనేవాళ్లవి ఉత్త భయాలు కావు. చేపలు పెంచి అమ్మేవాళ్లకు ఒక తొట్టి నుంచి ఇరవై తొట్లకు పాకితే నష్టం ఎంతో తెలుసు. టీబీ అనుమానం ఉన్నచోట స్పాంజ్, రాళ్లు, చెక్క, పైపులు పారేయడంలో వాదించడానికేమీ లేదు. గాజును మాత్రం రుద్ది, ఆరబెట్టి, మంటకు దూరంగా స్పిరిట్‌తో, అంటే ఆ డెబ్బై శాతం ఆల్కహాల్‌తో, తుడిచి నిలబెట్టుకోవచ్చు.

ఏమీ చేయొద్దనేవాళ్లదీ గట్టి వాదనే. ఏరోమోనాస్‌లాంటి బ్యాక్టీరియా ప్రతి తొట్టిలో, ప్రతి చెరువులో ఉంటుంది. చేప నీరసించినప్పుడే అది రోగమవుతుంది. దాన్ని చంపడానికి తొట్టి మొత్తం మాడ్చితే, వచ్చే చేప బకెట్లో అది మళ్లీ వస్తుంది, పోయింది మాత్రం మంచి బ్యాక్టీరియా. వైట్ స్పాట్ వచ్చిన తొట్టిని చేపల్లేకుండా రెండు వారాలు నడిపి, రోజూ చిటికెడు మేత వేస్తుంటే ఫిల్టర్ చావదు, పరాన్నజీవి చస్తుంది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, రోగం వైట్ స్పాటేనని తెలిసినప్పుడు. తెలియనప్పుడు మాత్రం నేనూ బ్లీచింగ్ వైపే.

ఇద్దరూ పెద్దగా మాట్లాడని సంగతి ఇంకొకటుంది. మన దుకాణాల్లోకి రంగు చేపలు ఎక్కడెక్కడి నుంచో కవర్లలో ప్రయాణం చేసి వస్తాయి. దారిలో నీరసిస్తాయి, దుకాణంలో పక్క తొట్ల చేపలతో ఒకే వల పంచుకుంటాయి. గాజుకు అంటుకుని వచ్చే రోగం కంటే ఆ కవర్లో వచ్చేదే ఎక్కువ. కొత్త చేపల్ని రెండు నుంచి నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచడం, అంటే క్వారంటైన్, ఆ దారిని మూస్తుంది. రెండో తొట్టి ఎక్కడ పెట్టాలి, ఇంట్లో ఏమంటారు అనే టెన్షన్‌తో మనవాళ్లు దాన్ని దాటేస్తారు.

పక్కింటాయన చివరికి పాత యజమానికి ఫోన్ చేసి, చేపలు ఎలా చచ్చాయని అడిగాడు. "ఒంటి మీద తెల్ల చుక్కలు సార్, పది రోజుల్లో అన్నీ" అన్నాడాయన. స్పాంజ్, ఎయిర్ స్టోన్ పారేశారు. గాజును వెనిగర్‌తో గార వదిలించి, బాగా కడిగి, మరుసటి రోజు బ్లీచింగ్ నీళ్లు గంట ఉంచి పారబోశారు. నిజానికి ఆ బ్లీచింగ్ అక్కర్లేదని చెప్పాను. ఆయన మనశ్శాంతి కోసం పోసుకున్నాడు. ఇప్పుడు తొట్టి వాళ్ల హాల్లో నాపబండ మీద, నీళ్లతో, నడుస్తున్న ఫిల్టర్‌తో, ఒక్క చేపా లేకుండా ఉంది. మూడో వారం. నిన్న సాయంత్రం అమ్మోనియా టెస్ట్ చేస్తే చిన్న గొట్టంలో నీళ్లు ఇంకా లేత ఆకుపచ్చగానే వచ్చాయి. అమ్మోనియా పోయిందనడానికి పసుపు రంగులోకి రావాలి. వాళ్ల చిన్నమ్మాయి రోజూ బడి నుంచి రాగానే ముందు ఆ గొట్టాన్నే వెలుతురుకు ఎత్తి చూస్తోంది.